కానుకల సంచిలో పులి బొమ్మ నాణెం



ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్ళిపోయిన తరువాత, వెస్ట్రీ గదిలో కానుకల సంచులను బల్ల మీద బోర్లించి లెక్కపెట్టడం ప్రతి సంఘంలోనూ ఉన్నదే. కొంతకాలంగా మేము కూడా ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాము. నోట్లు ఒకవైపు, చిల్లర మరొకవైపు. చిల్లరలో పది రూపాయల బిళ్ళలు ఎక్కువగా ఉంటాయి. ఊళ్ళో కొందరు అంగడివారు వాటిని తీసుకోమంటారు గనుక, అంగట్లో చెల్లనిది గుడిలో చెల్లుతుందని మనవారి ఆలోచన కాబోలు. నిజానికి అవి అంతటా చెల్లుతాయి. అప్పటివరకు వచ్చిన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. చెల్లనివి పావలా, అంతకంటె చిన్నవి. అవి 2011 జూన్ 30తో రద్దయ్యాయి. అయినా సంచిలోకి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వేసినవారి సంగతి ప్రభువుకే తెలియాలి.

ఆ మధ్య ఒక ఆదివారం, రూపాయి బిళ్ళలను పదేసి చొప్పున దొంతరలు పెడుతుండగా ఒకటి మిగతావాటితో కుదరలేదు. కొంచెం మందంగా, మసక రంగుతో ఉంది. తిప్పి చూస్తే ఒకవైపు ఆరవ జార్జి రాజు తల, రెండవవైపు నడుస్తున్న పులి, 1947 సంవత్సరం. అర్ధరూపాయి. స్వాతంత్ర్యం రాకముందు ముద్రించిన చివరి నాణేలలో ఒకటి, మన దొంతరలోకి రూపాయిగా వచ్చి కూర్చుంది.

మాకు సహాయంగా యౌవనస్థుల కూటమి నుండి ఇంటర్ చదివే కుర్రవాడు ఒకడు వస్తాడు. వాడు వెంటనే జేబులో నుండి రెండు రూపాయలు తీసి, "మాస్టారూ, ఇది నేను తీసుకొని దాని బదులు ఇవి వేస్తాను. లెక్కకు రూపాయి లాభమే గదా" అన్నాడు. కోశాధికారిగారు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. కళ్ళజోడు పైకి జరిపి, "తొందరపడకు నాయనా. ఇది ఏమిటో, ఎవరిదో ముందు చూద్దాం" అన్నారు. అంతలో ఆ అబ్బాయి నాణేన్ని చొక్కా అంచుతో గట్టిగా రుద్దబోయాడు. మేము చప్పున చెయ్యి పట్టుకున్నాము.

ఎందుకు పట్టుకున్నామో చెప్పాలంటే మా ఇంటి నష్టం ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం, క్రిస్మస్‌కు ముందు ఇంట్లో ఇత్తడి సామాను తోముతున్న రోజు. మా అమ్మమ్మ ఇచ్చిపోయిన చిన్న డబ్బాలో ఒక విక్టోరియా రాణి వెండి రూపాయి, నాలుగు చిల్లు కానీలు ఉండేవి. 1943 నుండి 1947 వరకు మధ్యలో పెద్ద చిల్లు పెట్టి ముద్రించిన రాగి రంగు కానీలు మన పెద్దలకు బాగా తెలుసు. బిందెలు, చెంబులతోపాటు వీటినీ చింతపండు గుజ్జులో వేసి, బూడిదతో తోమి, మిలమిలా మెరిపించి మురిసిపోయాము. తరువాత పట్నంలో పాత నాణేలు కొనే ఒకాయనకు చూపిస్తే, చేతిలోకి తీసుకొని ఒక్కసారి తిప్పి, మాట్లాడకుండా మా చేతిలోనే పెట్టేశాడు. "ఎవరు తోమారమ్మా?" అని మాత్రం అడిగాడు.

లోహం మీద ఏళ్ళ తరబడి గాలికి, చేతికి తగిలి ఏర్పడే పలుచని పొర మురికి కాదు. అది నాణేనికి చర్మం వంటిది. చింతపండులోని పులుపు ఆ పొరను తినేస్తుంది. బూడిద, పళ్ళపొడి, పీచు వంటివి అక్షరాల మీద సన్నని గీతలు గీస్తాయి. పోయిన చర్మం తిరిగి రాదు. రాగివైతే మొదట లేత గులాబి రంగులో మెరిసి, కొన్ని నెలలకే మచ్చలు మచ్చలుగా నల్లబడతాయి. మా కానీలు నాలుగూ అలాగే అయ్యాయి. వెండి రూపాయి మీద రాణి జడ అల్లిక దాదాపు చెరిగిపోయింది. నూరేళ్ళు చేతులు మారినా చెరగనిది మా చేతిలో ఒక్క పూటకు చెరిగింది.

కాబట్టి పాత నాణెం దొరికితే రుద్దవద్దు. మట్టి పట్టి ఉంటే మంచినీళ్ళలో, దొరికితే డిస్టిల్డ్ నీళ్ళలో, కొన్ని గంటలు నానబెట్టి నీళ్ళు మార్చండి. తరువాత మెత్తని నూలు గుడ్డ మీద పెట్టి అద్దండి. తుడవకండి. అంతకుమించి ఏమీ చేయవద్దు. పచ్చని చిలుము పట్టిన రాగి నాణేన్ని తెలిసినవారికి చూపించే వరకు వేరుగా ఉంచండి.

ఆ ఆదివారం మాస్టారు బల్ల మీద తువ్వాలు పరిచారు. చేయి జారి గచ్చు మీద పడితే అంచు నొక్కుకుపోతుంది గనుక. నాణేన్ని ముఖం మీద వేలు పెట్టకుండా అంచులు పట్టుకొని, తూర్పు కిటికీ దగ్గర వెలుతురు ఏటవాలుగా పడేలా తిప్పి చూశారు. సూటిగా పడే వెలుతురులో కనిపించని గీతలు, అరిగిన అక్షరాలు అలా చూస్తే తేలుతాయి. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే అద్దం ఉంటే మంచిది. ఇప్పుడు ఫోను కెమెరాతో పెద్దది చేసి చూసినా చాలావరకు తెలిసిపోతుంది.

తరువాత పాత రేడియోలో నుండి ఊడదీసిన అయస్కాంతం తెచ్చారు. పులి నాణెం టక్కున అతుక్కుంది. ఆ అబ్బాయి ముఖం వాడిపోయింది. "నకిలీదా మాస్టారూ?" అన్నాడు. కాదు. వెండి అయస్కాంతానికి అంటుకోదు గాని నికెల్ అంటుకుంటుంది. 1940కి ముందు రూపాయిలో నూటికి 91.7 పాళ్ళు వెండి ఉండేది. యుద్ధకాలంలో, 1940 నుండి, దానిని సగానికి తగ్గించారు. 1946, 47 నాటికి వెండి పూర్తిగా పోయి ఈ పులి బొమ్మ నికెల్ నాణేలు వచ్చాయి. కనుక 1947 అర్ధరూపాయి అయస్కాంతానికి అంటుకోవడమే సరి. అదే విక్టోరియా రూపాయి అంటుకుంటే అనుమానించాలి. సంతలలో, జాతరలలో పాత వెండి రూపాయలని అమ్మేవాటిలో పోతపోసిన నకిలీలు చాలా ఉంటాయి. వాటి అక్షరాల మూలలు మొద్దుగా ఉంటాయి, ఒక్కోసారి అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది.

తూకం ఇంకా మంచి సాక్షి. ఆ కాలపు వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. మన ముసలివారు మందు దినుసులు "రూపాయి ఎత్తు" అని తూచేవారు. అది మాటవరుసకు కాదు, నిజంగా రూపాయినే తక్కెడలో వేసేవారు. మీ ఊళ్ళో బంగారపు పని చేసే ఆయన కాటా మీద పెడితే నిమిషంలో తేలుతుంది. అరుగుదల వలన కొంచెం తగ్గవచ్చు గాని ఒక గ్రాము, రెండు గ్రాములు తేడా రాకూడదు. ఇటీవలివాటిలో పదకొండు పలకల పాత రెండు రూపాయల బిళ్ళ 6 గ్రాములు, లావుపాటి పాత ఐదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు.

ఇక సంవత్సరం కింద చూడండి. మన దేశపు నాణేలలో సంవత్సరం కింద చిన్న గుర్తు ఉంటుంది. నక్షత్రమైతే హైదరాబాదు టంకశాల, వజ్రం ఆకారమైతే ముంబయి, గుండ్రని చుక్క అయితే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. హైదరాబాదు టంకశాల మొదట నైజాము ప్రభువులది. చార్మినారు బొమ్మతో హాలీ సిక్కా ముద్రించినది అక్కడే. 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. పిల్లలను కూర్చోబెట్టి ఇంట్లో ఉన్న చిల్లరలో నక్షత్రాలు ఏరమనండి. ఒక సాయంకాలం హాయిగా గడిచిపోతుంది, పైగా ఖర్చు లేదు.

ఒకే రకం నాణేలు రెండు పక్కపక్కన పెట్టి చూడటం కూడా నేర్పండి. బొమ్మ వైపు నిలువుగా పట్టుకొని పక్కకు తిప్పితే, ఒకదాని బొరుసు నిలువుగానూ మరొకదానిది ఒరిగి తలకిందులుగానూ ఉంటే అది ముద్రలో పొరపాటు. బొమ్మ పక్కకు జరిగిపోయినవి, అంచు తెగినవి, ఒకవైపు బొమ్మే రెండవవైపు లోతుగా తిరగబడి పడినవి కూడా అరుదుగా దొరుకుతాయి. అయితే రైలు పట్టా మీద పెట్టి నలగగొట్టినవి, పది రూపాయల బిళ్ళ మధ్య ముక్క ఊడదీసి తిప్పి బిగించినవి టంకశాల పొరపాట్లు కావు, మన పిల్లల చిలిపి పనులు. వాటికి విలువ ఏమీ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేము. 2005, 2006, 2007 సంవత్సరాలు గల రెండు రూపాయల బిళ్ళను మన ఇండ్లలో చాలామంది "సిలువ బిళ్ళ" అని దాచుకుంటారు. అది ప్రభుత్వం మన కోసం వేసిన సిలువ కాదు. భిన్నత్వంలో ఏకత్వం అనే భావానికి గుర్తుగా గీసిన బొమ్మ అది. అప్పట్లో కొందరు దానిని క్రైస్తవ గుర్తని ఆక్షేపించారు, మనవారు కొందరు అదే మాట నమ్మి సంతోషించారు. ఇద్దరిదీ పొరపాటే. తరువాత చేతి ముద్రల బొమ్మతో వేరే నాణెం వచ్చింది. ఇష్టమైతే దాచుకోండి గాని అది రెండు రూపాయల బిళ్ళే. క్రైస్తవుల జ్ఞాపకంగా నిజంగా విడుదలైనవి కావాలంటే, కేరళకు చెందిన అల్ఫోన్సా శతజయంతికి 2009లో, మదర్ తెరిసా శతజయంతికి 2010లో వచ్చిన ఐదు రూపాయల నాణేలు ఉన్నాయి. చిల్లరలో అప్పుడప్పుడు దొరుకుతాయి.

దాచడం సంగతికి వస్తే, మనం చేసే తప్పులన్నీ మంచి మనసుతో చేసేవే. విలువైనదని మెత్తని ప్లాస్టిక్ సంచిలో పెడతాము. వంగేటట్లు మెత్తగా ఉండి, కొత్తలో ఘాటైన వాసన వచ్చే ప్లాస్టిక్ కొన్నేళ్ళకు జిగురు కారుస్తుంది. అది రాగిని పచ్చగా తినేస్తుంది. కట్టగా ఉండాలని రబ్బరు బ్యాండు వేస్తాము. రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి మీద నల్లని చార పడుతుంది. బీరువాలో కలరా ఉండల పక్కన పెడతాము. అవి చీరలకే గాని నాణేలకు మేలు చేయవు. అన్నిటినీ ఒకే డబ్బాలో పోసి పిల్లలకు చూపించేటప్పుడల్లా గలగలలాడిస్తాము. ఆ గలగల ప్రతిసారీ ఒక కొత్త గీత.

చవకైన పద్ధతి చెబుతాము. ఒక్కొక్క నాణేనికి ఒక చిన్న కాగితం కవరు, న్యూసు పేపరు కాకుండా తెల్ల కాగితంతో చేసినది. వెండివాటికి మాత్రం నాణేలు అమ్మేవారి దగ్గర దొరికే, మధ్యలో గట్టి పారదర్శక పొర ఉన్న అట్ట చట్రాలు కొనండి. వాటిని పిన్ను కొట్టేటప్పుడు పిన్ను నాణేనికి తగలకూడదు. వీటన్నిటినీ మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. ఆ పొట్లాన్ని పసిపిల్లలకు అందనివ్వకండి. సముద్రతీర గ్రామాలవారికి, కోనసీమవారికి ఇది మరీ అవసరం. పాత అయిదు పైసలు, పది పైసలు వంటి అల్యూమినియం నాణేలు ఉప్పుగాలి తేమకు తెల్లని పొడి రాలుస్తాయి. వాటిని రాగి, నికెల్ నాణేలకు తగలకుండా వేరుగా ఉంచండి. వర్షాకాలం వెళ్ళాక ఒకసారి తీసి చూస్తే చాలు. మాటిమాటికీ తీయడం కూడా మంచిది కాదు.

కవరు మీద వ్రాయడం మరువకండి. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరి ద్వారా. పెన్నుతో వద్దు, తడికి సిరా పాకుతుంది. పెన్సిలుతో, నాణెం లోపల పెట్టకముందే వ్రాయాలి.

ధర సంగతి అందరూ అడుగుతారు. మా పొరుగు సంఘంలో ఒక సహోదరి ఉంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు లక్షలు ఇస్తారని ఫోనులో ఒక వీడియో చూసింది. 2012 సంవత్సరంతో వాడుక కోసమే విడుదలైన బిళ్ళ అది. ఆమె దగ్గర ఒకటి ఉంది. అందులో చెప్పిన నంబరుకు ఫోను చేస్తే ఎంతో మర్యాదగా "అక్కా" అని మాట్లాడి, రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం కూడా పంపాడట. ముందు రిజిస్ట్రేషనుకు వెయ్యి, తరువాత పన్నుకు నాలుగు వేలు, తరువాత మరొకటి. డ్వాక్రా గుంపులో తీసిన అప్పు అలా పోయింది. పాపం, ఆమె మూడు నెలల వరకు ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నవ్వుతారని భయం. నవ్వకండి. ఆమె ఆశపడినది పిల్లల ఫీజుల కోసం.

పాత నోట్లు, నాణేల అమ్మకాలలో తమ పేరు వాడుకొని రుసుములు అడుగుతున్నారని, తమకు వాటితో ఏ సంబంధమూ లేదని, ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. నిజంగా కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర తీసుకోడు. చిల్లరలో దొరికే నాణేలలో నూటికి తొంభైకి పైగా వాటి మీద వ్రాసిన విలువకే చెల్లుతాయని ముందే అనుకోండి. పులి బొమ్మ అర్ధరూపాయి కూడా పెద్ద ధర పలికేది కాదు. అలా మోసపోయినవారు ఎవరైనా ఉంటే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

చిల్లరలో దొరికినది వేరు, నేలలో దొరికినది వేరు. దున్నుతుండగానో, పునాది తవ్వుతుండగానో కుండలో నాణేలు బయటపడితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గలదానిని కలెక్టరుకు తెలియజేయాలి. దాచడం నేరం. అలాగే నూరేళ్ళు దాటిన నాణేన్ని అమెరికాలో ఉన్న కొడుకుకు గుర్తుగా పంపాలనుకునే తల్లిదండ్రులున్నారు. 1972 నాటి చట్టం ప్రకారం అది పురావస్తువు, దేశం దాటించకూడదు. కొడుకు వచ్చినప్పుడు ఇక్కడే చూసుకొంటాడు.

మళ్ళీ మా బల్ల దగ్గరకు వద్దాము. నాణెం ఏమిటో తెలిసింది. ఎవరిదన్నది మిగిలింది. సంచిలో పడ్డాక సంఘానిదే గదా అని ఒక పెద్ద అన్నారు. తెలిసి వేస్తే సంఘానిది, తెలియక వేస్తేనో, అన్నారు మాస్టారు. ఒక నాణెం కోసం ఇల్లంతా ఊడ్చి వెదకిన స్త్రీ సంగతి లూకా సువార్తలో చదువుతాము గదా, ఈ నాణెం కోసం కూడా ఏ ఇంట్లోనైనా వెదుకుతున్నారేమో అని మాకు తోచింది. పాస్టరుగారిని అడిగితే ఆయన మరుసటి ఆదివారం ప్రకటనలలో చెప్పారు. పాత నాణెం ఒకటి సంచిలో వచ్చిందని మాత్రమే చెప్పి, బొమ్మ ఏమిటో చెప్పలేదు. పొరపాటున వేసినవారు వచ్చి గుర్తు చెప్పమన్నారు.

ఆరాధన అయ్యాక ముగ్గురు వచ్చారు. ఇద్దరు రాజు తల అన్నారు. అది ఎవరైనా చెప్పగలిగినదే. మూడవ ఆమె, వెనుక వరుసలో గోడకు చేరబడి కూర్చునే ముసలమ్మ, కంటి ఆపరేషను కావలసినామె. కర్ర ఆనించుకొని నిలబడి, "పులి ఉంటుంది అయ్యగారూ. పులి తోక దగ్గర చిన్న నొక్కు. మా ఆయన నశ్యం డబ్బాలో ఉండేది" అంది. తోక దగ్గర నొక్కు ఉంది. అద్దం పెట్టి చూసిన మేమే దానిని ముద్ర అరుగుదల అనుకున్నాము. ఆ డబ్బా, చిల్లర డబ్బా ఒకే గూట్లో ఉంటాయట. చీకట్లో తడిమి రూపాయి అనుకొని తెచ్చిందట. వారం రోజులుగా గూడంతా తడుముతూనే ఉందట.

మాస్టారు నాణేన్ని కాగితం కవరులో పెట్టి ఇచ్చారు. పైన పెన్సిలుతో ఏమి వ్రాశారో చదివి చెప్పమని అడిగింది. "1947, అర్ధరూపాయి, నికెల్, పులి తోక దగ్గర నొక్కు" అని ఆ ఇంటర్ కుర్రవాడే చదివాడు. "మా ఆయన పేరు వ్రాయి బాబూ" అంది. వాడు పెన్సిలు తీసుకొని కింద వ్రాశాడు. అప్పుడామె కొంగు ముడి విప్పి, తడిమి, ఒక రూపాయి బిళ్ళ తీసి మాస్టారి చేతిలో పెట్టింది. ఇది పోయిన ఆదివారానిది అంది. మాస్టారు లెక్కల పుస్తకం తెరిచి, పోయిన ఆదివారం వరుసకు ఎదురుగా ఒక రూపాయి జమ వ్రాశారు.